ఒకే ఇల్లు, నాలుగు ఫైళ్ళు
(చిక్కడపల్లి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా జీవితం గడిపినవాళ్ళము. ఒకే ఇంటి నుండి వచ్చిన అర్జీలను మా చేతులతోనే విడదీశాము. కుమారుని ఉపకారవేతనం ఒక ఫైలు, తండ్రి కోరిన రుణం మరొకటి, కుల ధ్రువపత్రం ఇంకొకటి, రేషన్ కార్డు వేరొకటి. ఆ ఫైళ్ళు ఏ బల్లమీదా కలుసుకోలేదు. కానీ ఆ ఇంటిలో అవన్నీ ఒక్కటే కష్టం. రుణం అందకపోతే తండ్రి దుకాణం మూతపడుతుంది, దానితో కుమారుని చదువూ ఆగుతుంది.

ఒక పరిశ్రమ ఉత్పత్తి మరొక పరిశ్రమకు ముడిసరుకు అవుతుందని పట్టికలు వేసి చూపిన వాసిలీ లియొంటీఫ్‌కు 1973లో నోబెల్ బహుమతి లభించింది. ఆ పట్టికను మనం అశోక్‌నగర్ వీధులలోనే చదువవచ్చును. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వెలువడింది. ప్రిలిమినరీ పరీక్ష రెండుసార్లు రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగాలకు మళ్ళీ కొత్త ప్రకటన వచ్చింది. ఆ నిరీక్షణ కాలమంతా గది అద్దె, మెస్ బిల్లు, పుస్తకాల ఖర్చు ఎవరు భరించారు? ఎక్కడో పల్లెలోని పొలం, పట్టణంలోని మెకానిక్ షెడ్డు, తల్లి కుట్టుమిషన్ భరించాయి. పరీక్ష ఇక్కడ ఆగితే అప్పు అక్కడ పెరిగింది. ఇంటినుండి డబ్బు రాని పిల్లవాడు గది ఖాళీ చేస్తే మెస్, జిరాక్స్ దుకాణం, పుస్తకాల అంగడి కూడా ఒక గిరాకీని పోగొట్టుకున్నాయి.

2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక విలువ ఇక్కడే ఉన్నది. అది విద్యను, ఉపాధిని, బ్యాంకు రుణాన్ని, మౌలిక వసతులను ఒకేచోట ఉంచి పరిశీలించింది. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. దానిని మనం కాపాడుకొనవలసినదే. కానీ రిజర్వేషన్ తలుపు తెరుస్తుంది. ఆ తలుపు దాకా నడిచేందుకు గది, భోజనం, పుస్తకాలు, రెండు మూడేళ్ళ ఓపిక కావాలి. క్షేమంగా ఉండే వసతి దొరకని ఆడపిల్ల నారాయణగూడ దాకా కూడా రాలేదు.

కనుక ఇకమీదట ప్రతి మొహల్లాలో కుటుంబానికి ఒక్క కాగితం తయారుచేద్దాము. చదువు, పని, అప్పు, అద్దె అన్నీ అందులోనే ఉండాలి. అధికారుల వద్దకు వెళ్ళినప్పుడు నాలుగు అర్జీలతో పాటు ఆ కాగితాన్నీ వారి ముందుంచుదాము. ఫైళ్ళను విడదీసిన చేతులు మావే. ఈ కాగితాలు వ్రాసిపెట్టడానికి ముందుగా మేమే కూర్చుంటాము.