ఇంటి పెంకు – తుపాను గాలి

మన కోస్తా జిల్లాలలో ఆశ్వయుజ, కార్తీక మాసములు ఆశయు భయమును కలిసి వచ్చు మాసములు. పొలములో వరి పొట్టకు వచ్చి ఉండును. అదే సమయమున బంగాళాఖాతములో వాయుగుండము బలపడుచున్నదని రేడియోలో హెచ్చరిక వినవచ్చును. ఆ మాట చెవిని పడగానే గృహస్థు చూపు తన ఇంటికప్పు మీదికి పోవును. స్లాబు ఇంటివాడు తలుపులు బిగించుకొని కూర్చుండును. తాటాకు ఇంటివాడు పిల్లలను, మూటాముల్లెను తీసికొని తుపాను రక్షణ కేంద్రమునకు పోవును. నడుమనున్న పెంకుటింటివానికే చిక్కు. ఏటేటి గాలులకు ఆగిన ఇల్లే కదా అను ధైర్యము ఒకవైపు. ఇంతకు మించిన గాలి వచ్చిన ఏమగునో అను సందేహము మరియొకవైపు. ఉండుటయా, లేచిపోవుటయా అను నిర్ణయము ఆ రాత్రి ప్రాణములతో ముడిపడిన నిర్ణయము.

ఒక మాట ముందుగానే చెప్పుట మంచిది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచినది సముద్రపు ఉప్పెన. వేలకొలది ప్రాణములు ఆ నీటికి బలియైనవి. ఉప్పెన వచ్చు చోట ఏ పెంకును, ఏ గోడయును అక్కరకు రావు. అధికారులు ఊరు విడువుమన్నప్పుడు విడుచుటయే మార్గము. నేడు నేను చెప్పబోవునది గాలిని గురించి, గాలితో కలిసి వచ్చు వానను గురించి, వానికి తట్టుకొనునట్లు పెంకును ఎట్లు తీర్చవలెనను విషయమును గురించి.

మనకు తరతరములుగా తెలిసినది గూనపెంకు. కుమ్మరి సారెమీద ఒక కొన సన్నగా, ఒక కొన వెడల్పుగా ఉండు గొట్టమును తీసి, అది కొంత ఆరినప్పుడు నిలువున గాటుపెట్టి రెండు చెక్కలుగా విడదీయును. ఆ చెక్కయే గూనపెంకు. కప్పుమీద వెల్లకిల వేసిన రెండు వరుసల నడుమనున్న సందును బోర్లవేసిన మూడవ వరుస కప్పును. వాననీరు బోర్లపెంకు వీపుమీదినుండి జారి, వెల్లకిల పెంకు కాలువలో పడి, చూరునకు చేరును. ఇంత సులభమైన ఏర్పాటు మరియొకటి లేదు. పగిలినదానిని తీసి కొత్తది పెట్టుటకు పెద్ద నేర్పు అక్కరలేదు. కాని ఒక పెంకు మరియొక పెంకును పట్టుకొని ఉండదు. తన బరువును, ఒరపిడియును తప్ప దానిని నిలుపునది ఏదియు లేదు. పిల్లి పరుగెత్తిన జరుగును. కోతి దూకిన పగులును. అందుచేతనే తొలకరికి ముందు పెంకు నేత అను ఖర్చు పాత ఇండ్లకు తప్పనిదయ్యెను.

ఈ లోపమునకు విరుగుడు 1841లో కనబడినది. ఆల్సాసు ప్రాంతమున ఆల్ట్‌కిర్క్ అను పట్టణములో గిలార్డోనీ సోదరులు ఒకదానిలో ఒకటి ఇమిడిపోవు పెంకును రూపొందించి దానికి పేటెంటు పొందిరి. పెంకు ఒక ప్రక్క అంచున గాడియు, రెండవ ప్రక్క అంచున ఆ గాడిలో కూర్చుండు గట్టుయు ఏర్పరచుటయే అందలి కీలకము. ఆ తరహా పెంకు కొలదికాలములోనే మన దేశమునకు వచ్చెను. 1865లో బాసెల్ మిషనుకు చెందిన జార్జి ప్లెబ్స్టు మంగుళూరులో, నేత్రావతీ నదీతీరమున, పెంకుల కర్మాగారమును నెలకొల్పెను. అదియే మంగుళూరు పెంకు. మన జిల్లాలలో చాలచోట్ల దీనిని బెంగుళూరు పెంకందురు. పిలుపులో ఊరు మారినది గాని పెంకు మారలేదు.

ఇంటిలో విడి పెంకు ఒకటి ఉన్నచో దానిని చేతిలోనికి తీసికొని చూడుడు. చిన్న కొలత పెంకు సుమారు 41 సెంటీమీటర్ల పొడవు, 23.5 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. పైవైపు నీరు పారుటకు కాలువలు తీర్చి ఉండును. ప్రక్క అంచునుండి లోపలికి దొంగిలబోవు నీటిబొట్టు గాడిలో పడి, ఆ గాడి వెంబడియే క్రిందిపెంకు మీదికి దిగిపోవును. అడుగువైపు త్రిప్పినచో ముక్కులవంటి చిన్న పొడుపులు కనబడును. వాసముల మీద అడ్డముగా కొట్టిన బద్దకు ఈ ముక్కులు తగులుకొనును. వాలు మీద పెంకు జారకుండుట వీని చలువయే. నాటుపెంకువలె పొరలమీద పొరలు పేర్చవలసిన పని లేకపోవుటచేత కలపయు కలిసి వచ్చినది.

ఇంత నేర్పుతో తీర్చిన పెంకు కూడ తుపానులో ఏల ఎగిరిపోవును? ముక్కును మరల ఒకసారి చూడుడు. అది పెంకును క్రిందికి జారనీయదు. పైకి లేవకుండ ఆపు శక్తి దానికి లేదు. గాడియు, కాలువయు, వాలును అన్నియు క్రిందికి దిగు నీటిని తలచుకొని చేసినవి. తుపాను గాలి పెంకును లాగునది పైకి.

గాలి కప్పును మీదనుండి అదుముననియే మనము సాధారణముగా అనుకొందుము. సన్నని కాగితపు ముక్క నొకదానిని పెదవి క్రింద పట్టుకొని, దాని పైభాగమున గాలి ఊది చూడుడు. వ్రేలాడుచున్న కాగితము పైకి లేచును. కప్పుమీదుగా వేగముగా సాగిపోవు గాలియు ఇట్లే పెంకులను పైకి పీల్చును. ఆ సమయముననే గాలికెదురుగా ఉన్న తలుపో, కిటికీయో ఊడినచో, ఇంటిలోనికి దూరిన గాలి అడుగునుండి కూడ కప్పును నెట్టును. పైన పీల్పు, క్రింద త్రోపు. ఈ రెంటి నడుమ పెంకు చిక్కుకొనును.

ఈ బలమెంతయో లెక్క కట్టవచ్చును. భారతీయ ప్రమాణముల సంస్థ వారి నియమావళి ప్రకారము కోస్తా ఆంధ్రలో ఇండ్లు కట్టువారు లెక్కకు తీసికొనవలసిన మూల గాలివేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. ఇది ఊహామాత్రము కాదు. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపాను గాలులు ఇంచుమించు ఈ వేగమును అందుకొన్నవి. ఇంతటి గాలి చదరపు మీటరుకు 150 కిలోల పైచిలుకు ఒత్తిడి కలుగజేయగలదు. మంగుళూరు పెంకు కప్పు బరువు బద్దలతో కూడ చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు మాత్రమే. గంటకు 90 కిలోమీటర్ల గాలి ఒత్తిడి లెక్కించినచో అది 40 కిలోలు కూడ దాటదు. వేగము సగమైనప్పుడు ఒత్తిడి నాలుగవ వంతునకు దిగును గదా!

వైశాఖమాసపు గాలిదుమారములకు చెదరని కప్పు పెద్ద తుపానులో ఒక గంటలో బోసిపోవుటకు కారణమిదియే. పెంకు బరువు ఏటేటి గాలికి చాలును. పది ఇరువది ఏండ్లకొకసారి వచ్చు గాలికి చాలదు. ఇరువది ఏండ్లు ఆగిన ఇల్లు అను ధైర్యము లెక్కకు నిలువదు.

అయితే ఈ పీల్పు కప్పంతటను సమానముగా ఉండదు. నడిమి భాగమున తక్కువ. చూరు వెంబడి, కొప్పు వెంబడి, త్రికోణపు గోడల ప్రక్కనున్న అంచుల వెంబడి ఎక్కువ. మూలలలో మరియు ఎక్కువ. మొదటి పెంకు లేచునది అచ్చటనే. ఒకటి లేచినచో దాని ప్రక్కదానికి ఆసరా పోవును. గాలికి లోపల దూరుటకు దారి దొరకును. తరువాత వరుసకు వరుస లేచిపోవును. లేచిన పెంకు వీధిలో పోవువాని మీద పడినచో ప్రాణమే తీయును. కనుక కప్పంతయు ఒక్కసారి మార్చుటకు శక్తి లేని గృహస్థు అంచులను బిగించుకొనినచో ఇంటిలో పెద్దభాగమును కాపాడుకొన్నట్లే.

పెంకును కట్టివేయవలెనను ఆలోచన క్రొత్తది కాదు. తెలంగాణమున పెద్దబంకూరు వంటి శాతవాహన కాలపు ప్రదేశములలో త్రవ్వకములు జరిపినప్పుడు రంధ్రములు గల ఇంటిపెంకులు లభించినవి. బరువునే నమ్ముకొనక మేకుతో బిగించుటకే ఆ రంధ్రములు. రెండువేల ఏండ్లనాటి ఆ పనివాని ముందుచూపు నేటి మేస్త్రీకి కూడ పాఠమే.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రము ఇదే పాఠమును గొప్ప నష్టమునకు ఓర్చి నేర్చుకొనెను. 1992 ఆగస్టు 24వ తేదీన వచ్చిన ఆండ్రూ తుపానులో, సున్నపు సిమెంటు ముద్దలో అదిమి కూర్చిన పెంకులు అనేకములు ఊడి ఎగిరిపోయినవి. ముద్ద గట్టిగానే ఉన్నను పెంకునకు అంటుకొనలేదు. అచ్చట విశేషముగా వాడుకలోనున్న తారుపూత పలకలును అట్లే లేచిపోయినవి. ఆ పిదప కట్టడపు నిబంధనలు కఠినము చేసినారు. గాలి ఎక్కువగా ఉండు చోట్ల తారుపలకకు నాలుగు మేకులకు బదులు ఆరు మేకులు కొట్టుట, అంచులలో జిగురు పట్టు పెంచుట, పెంకులకు మరలు గాని, గట్టి జిగురు గాని వాడుట అలవాటైనది. పలక మందము పెంచుటకన్న దాని పట్టు పెంచుటయే మేలని తేలినది.

ఇక వాన సంగతి. గంటకు 180 కిలోమీటర్ల గాలి ఒత్తిడి నీటిని సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కించగలదు. ఒక పెంకు మీద మరియొక పెంకు ఎక్కి ఉండు భాగము ఏటవాలున అంత ఎత్తు ఉండదు. కనుక మహా తుపానులో ఎంత చక్కగా కూర్చిన పెంకుల సందులనుండియైనను కొంత నీరు లోపలికి వచ్చితీరును. దానికి ఉపాయము పెంకుల అడుగున రెండవ అడ్డు ఏర్పరచుట. చెక్కల పైకప్పో, నీరు పీల్చని పట్టాయో బద్దల క్రింద పరచి, దాని వాలు చూరు వెలుపలకు వచ్చునట్లు చేసినచో, పెంకు దాటిన నీరు కూడ బయటికే పోవును. ధాన్యపు గాదెయు, పిల్లల పుస్తకములును తడియకుండును.

పెంకు మన్నికకు మూడవ పరీక్ష కాల్పు. చాలీచాలని మంటలో కాలిన పెంకు నీటిని త్రాగును. త్రాగిన పెంకు బరువెక్కి వాసములను వంచును, పాచి పట్టును, సముద్రపు గాలి తగులు ఊళ్లలో దాని రంధ్రములలో చేరిన ఉప్పు గట్టిపడి పైపొరను పొట్టువలె రాల్చును. మంగుళూరు పెంకు తన బరువులో 20 శాతమునకు మించి నీరు పీల్చరాదని మన దేశపు ప్రమాణము. దీనిని ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. బాగుగా ఆరిన పెంకును తూచి, ఒక రోజంతయు నీటిలో నానబెట్టి, తుడిచి మరల తూచవలెను. రెండున్నర కిలోల పెంకు మూడు కిలోలు దాటినచో ఆ బండిని త్రిప్పి పంపుట మంచిది. వ్రేలితో కొట్టినప్పుడు ఖంగున మ్రోగుటయు మంచి కాల్పునకు గుర్తు.

ఇంతకును గృహస్థు చేయదగిన పని ఏది? తుపానులను తట్టుకొనునట్లు చిన్న ఇండ్లను ఎట్లు బలపరచవలెనో భారతీయ ప్రమాణముల సంస్థ వారు 2004లో మార్గదర్శకములు వెలువరించిరి. వాని సారమును, మనము ఇప్పటివరకు చెప్పుకొన్నదానితో కలిపి, వరుసగా చెప్పెదను.

ముందుగా కొప్పు పెంకులను, చూరు వరుసలను, త్రికోణపు గోడల అంచులను బిగింపవలెను. పెంకుకు రంధ్రమున్నచో జింకుపూత గల తీగతో బద్దకు కట్టవలెను. సాధారణపు ఇనుపతీగ సముద్రపు గాలికి కొలదికాలములోనే త్రుప్పుపట్టి తెగును. రంధ్రము లేని పాత పెంకులైనచో, కప్పు వాలు వెంబడి కొంత దూరమునకొకటి చొప్పున సిమెంటు పట్టీలు వేయవచ్చును. అంచులలో సన్నని తీగవలను పరచి దానిమీద సిమెంటు పూయించినచో మరియు మేలు. వల లేని ఉత్త సిమెంటు ఎండకు బీటలువారును.

తరువాత పెంకు క్రిందనున్న కట్లను చూడవలెను. పెంకు బద్దకు, బద్ద వాసమునకు, వాసము దూలమునకు, దూలము గోడకు గట్టిగా పట్టి ఉండవలెను. ఈ నాలుగు కట్లలో ఏ ఒక్కటి వదలినను మిగిలిన మూడును వ్యర్థములే. పెంకులు చెక్కుచెదరకుండ కప్పంతయు ఒక్కటిగా లేచిపోయినందువలన ప్రయోజనమేమి?

క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు రెండు వాలుల కప్పునకు బదులు నాలుగు వాలుల కప్పు వేసికొనుట మంచిది. గాలికి ఎదురునిలుచు త్రికోణపు గోడలు దానిలో ఉండవు. చూరును గోడ దాటి మిక్కిలి దూరము చాచరాదు. వసారా కప్పును ఇంటికప్పుతో కలిపి ఏకముగా దింపక వేరుగా కట్టవలెను. వసారా పోయినను ఇల్లు నిలుచును. కిటికీలకు, తలుపులకు గట్టి గడియలు ఉండవలెను. అవి ఊడకున్నచో కప్పుమీది భారములో కొంత తగ్గినట్లే.

ఈ పనులన్నియు తుపాను హెచ్చరిక వినిన పిదప చేయునవి కావు. గాలి వీచుచుండగా కప్పెక్కుట ప్రాణాపాయము. వాన వెలసి, ఎండ కాసి, మేస్త్రీ తీరికగా దొరకు వేసవిలో, పెంకు నేతకు ఎటులును మనుష్యులను పిలుచునప్పుడే, మరి నాలుగు చుట్టల తీగ తెప్పించి అంచులు కట్టించుకొనవలెను. అయిన ఖర్చు ఏటేటి నేతలో తగ్గు ఖర్చు వలన కొంతకాలమునకు తీరిపోవును. కార్తీకమాసములో హెచ్చరిక వినినప్పుడు పెంకుటింటి గృహస్థునకు తన ఇల్లు ఎంతవరకు ఆగునో తెలిసి ఉండును. ఆగదనిపించినచో వేళకు లేచిపోవు వివేకమును ఉండును.