అడవిని పెంచడం, అడవికి దారి వేయడం
(చెన్నపురిలోని మన పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పాఠశాలలో అయిదేండ్లు చదివిన నేను, చదువు ముగిసిన పిదప జీవితంలో అధికభాగం లాభాపేక్ష లేని ఒక ప్రకృతి పరిరక్షణ సంస్థలో గడిపాను. పాడుపడిన నేలలో తిరిగి అడవిని పెంచడం, ఆ అడవిని చూడవచ్చే ప్రజలకు తగిన ఏర్పాట్లు చేయడం అనే రెండు శాఖల నిర్వహణ నా బాధ్యత. మా బంధువర్గంలో దీనిని “చెట్లు నాటే ఉద్యోగం” అంటారు. నాటడం ఆ ఉద్యోగంలో అతి స్వల్పభాగమని గ్రహించడానికి నాకు కొన్ని సంవత్సరాలు, ఎన్నో మొక్కల ప్రాణాలు పట్టాయి.

రేపు ఉదయం పాఠశాల వెనుకనున్న ఖాళీస్థలంలో 75 సంవత్సరాలకు గుర్తుగా 75 మొక్కలు నాటాలనీ, మొదటిది నా చేత నాటించాలనీ కార్యనిర్వాహకులు సంకల్పించారు. ఆ ఆదరానికి కృతజ్ఞుణ్ణి. అయితే ఆ విషయమై నాదొక విన్నపం ఉన్నది. దానికి గల కారణాలు ముందుగా మీకు నివేదించి, విన్నపాన్ని చివరగా చెప్పుకొంటాను.

విశాఖ తీరం మొదలుకొని రామనాథపురం వరకు తూర్పుతీరం పొడవునా ఒకనాడు ఒక విలక్షణమైన అడవి ఉండేది. శాస్త్రజ్ఞులు దానిని శుష్క సతతహరితారణ్యం అంటారు. నెలల తరబడి వానలు లేకపోయినా ఆకు రాల్చని అడవి అది. చెట్లు మరీ ఎత్తుగా పెరగవు. ఆకులు చిన్నవి, దళసరివి. పాల, నేరేడు, అల్లి, వాక వంటివి అక్కడి నివాసులు. సేద్యానికి, వంటచెరకుకు, ఊళ్ళ విస్తరణకు ఆ అడవి ఆహుతి అయిపోగా నేడు తునకలు మాత్రమే మిగిలాయి. వాటిలో విశాలమైనది మన తెలుగునేల మీది శ్రీహరికోటలో ఉన్నది. తమిళనాట ఎక్కువగా గ్రామదేవతల కోవెల తోపులే దానిని కాపాడాయి. పుదుచ్చేరికి ఉత్తరాన పుత్తుపట్టులోని అయ్యనార్ కోవెల తోపు అట్టిదే. దేవుని చెట్టు కొమ్మ విరవరాదన్న భయభక్తులు మనకు విత్తనాలు మిగిల్చాయి.

అడవిని తిరిగి పెంచవచ్చునా అని సందేహించేవారు ఆరోవిల్‌ను చూడవలె. 1968 ఫిబ్రవరి 28న ఆ నగరానికి ప్రారంభోత్సవం జరిగేనాటికి అక్కడి మెరకనేల వానకు కోసుకుపోయి వంకలు పడిన ఎర్రమట్టి బీడు. అక్కడివారు వాననీటిని నిలపడానికి గట్లు వేశారు. ఎట్టి నేలలోనైనా బ్రతికే ఆస్ట్రేలియా జాతి తుమ్మను విరివిగా పెంచి, దాని నీడలో క్రమక్రమంగా స్థానిక జాతుల చెట్లను పెంచుతూ వచ్చారు. 2011 డిసెంబరు 30న థానే తుపాను వచ్చి అక్కడి చెట్లను అసంఖ్యాకంగా కూల్చివేసింది. అయినా వారు మరల పనికి పూనుకొన్నారు. అడవి పెంపకం ఒక తరంతో ముగిసే పని కాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఇక నా పొరపాట్లు చెబుతాను. మొదటిది కాలాన్ని గూర్చినది. కేంద్రమంత్రిగా ఉండిన కె.ఎం. మున్షీగారు 1950లో వనమహోత్సవాన్ని జూలై మాసపు పండుగగా నెలకొల్పారు. నైరుతి వానలు కురిసే ప్రాంతాలకు అది సరియైన కాలమే. పర్యావరణ దినోత్సవం జూన్ 5. కాని మన తీరానికి వానలలో పెద్దపాలు ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసాలలో వస్తుంది. జూన్ 5 అంటే ఇక్కడ రోళ్ళు పగులునని చెప్పే రోహిణి కార్తె! నేను కొత్తగా బాధ్యత స్వీకరించిన ఏడు, దాతల కోరికను కాదనలేక, సరిగా ఆ రోజుననే ఒక పెద్ద కార్యక్రమం పెట్టించాను. బస్సులలో జనం వచ్చారు. ఛాయాచిత్రాలు తీయించుకొన్నారు. మధ్యాహ్నానికి వెళ్ళిపోయారు. మా నర్సరీలో పనిచేసే తిరువళ్ళూరు జిల్లా తెలుగు ఆమె ఒకరు గట్టుమీద నిలిచి, “అయ్యా, ఫోటోలు తీసుకొన్నోళ్ళు పోతా ఉండారు. నీళ్ళు పోసేదెవురు?” అని అడిగింది. నా వద్ద సమాధానం లేదు. దాతలు మొక్కలకు ధనమిచ్చారు గాని నీటిబండికి, కలుపుతీతకు, కాపలాకు ఇవ్వలేదు. ఇమ్మని నేనూ అడగలేదు. ఈశాన్యపు వానలు వచ్చేసరికి ఆ మొక్కలలో సగానికి పైగా ఎండిపోయాయి.

ఆ ఏటి నివేదికలో “నాటినవి” అన్న గడి పక్కన “బ్రతికినవి” అన్న గడి చేర్చాను. దానిని చూసి దాతలలో కొందరు విముఖులయ్యారు. నిలిచినవారితో మూడేండ్ల సంరక్షణ ఖర్చు కూడా కలిపి ఒప్పందం చేసుకొన్నాము. నాటే సంఖ్య తగ్గింది. అడవి పెరగసాగింది.

రెండవ పొరపాటు దారిని గూర్చినది. మొక్కలు తలెత్తు పెరగగానే ఆదివారాలలో ప్రజలను అనుమతించాము. కాగితంమీద గీసిన నమూనా ప్రకారం వెడల్పుగా ఒక కాలిబాట వేయించాను. వచ్చినవారు మలుపు మలుపునా అడ్డంగా నడిచారు. పదేపదే అడుగులు పడిన నేల గట్టిపడిపోతుంది. దానిలోనికి నీరు ఇంకదు, వేళ్ళకు గాలి ఆడదు. బాట కిరువైపులా మొక్కలు వాడసాగాయి. “ఇటు నడవరాదు” అని పలకలు పెట్టించాను. వాటినెవరూ లెక్కచేయలేదు. సందర్శకులను మాన్పించి గేటు మూసివేద్దామని మాలో కొందరన్నారు. నేనూ దాదాపు అంగీకరించాను.

తుదినిర్ణయానికి ముందు నాలుగు ఆదివారాలు ఒక మూల కూర్చుండి జనం నడకను గమనించాను. వారు దుర్బుద్ధితో అడ్డదారి తొక్కడం లేదు. నీటిమడుగు చూడాలని ఒకరు, నీడలో కూర్చోవాలని ఒకరు ఆ వైపు పోతున్నారు. అంతట బాటను మడుగు ఒడ్డుకు మళ్ళించి, నీడపట్టున రెండు బల్లలు వేయించి, అడ్డదారుల నోట ముళ్ళ వాకపొదలు నాటించాను. పలకలు చేయలేని పని వాక చేసింది. జట్టుకు ఇరవైమంది, తోడుగా వివరించే మనిషి, పెద్దవానల తరువాత నేల ఆరేవరకు సెలవు అనే నియమాలు పెట్టాము. ఆ పిమ్మట చూడవచ్చినవారిలోనే కొందరు కలుపు తీస్తామనీ, నీళ్ళు మోస్తామనీ ముందుకు వచ్చారు. ఆనాడు గేటు మూసివేసి ఉంటే ఆ చేతులు మాకు దొరికేవి కావు.

ఈ సమస్యకు మన నగరంలోనే వేర్వేరు పరిష్కారాలు కనిపిస్తాయి. 1978లో జాతీయోద్యానంగా ప్రకటింపబడిన గిండీ వనం సుమారు 270 హెక్టార్లు. కృష్ణజింకలు తిరిగే లోపలిభాగం కట్టుబాట్లలో ఉన్నది. అంచునున్న బాలల ఉద్యానం అందరికీ తెరిచి ఉన్నది. అడయారు ఉప్పుటేరు చెంత చెత్తకు, మురుగుకు నెలవైపోయిన 58 ఎకరాలను శుభ్రపరచి 2011 జనవరిలో తొల్కాప్పియ పూంగాగా ప్రారంభించారు. అక్కడ తొలి సంవత్సరాలలో ప్రవేశం పరిమితమే. బడిపిల్లలను జట్లుగా తీసుకువెళ్ళి చూపేవారు. రెండుచోట్లా నిర్వాహకులు ఎదుర్కొన్న ప్రశ్న ఒక్కటే: ఎందరు, ఎప్పుడు, ఎంతవరకు? దీనికి జవాబు ఆయా నేల ఓర్పును బట్టి ఉంటుంది.

ఇప్పుడు నా విన్నపం. వరండాలో వరుసగా నిలిపిన 75 మొక్కలను ఈ ఉదయం చూశాను. నేరేడు, కానుగ, పొగడ. ఎంపిక ఎంతో చక్కనిది. కాని ఇది ఫిబ్రవరి మాసం. రేపు నాటితే రెండు నెలలలో వేసవి సెలవులు వస్తాయి. బడికి తాళం పడుతుంది. ఆనాడు నా వద్ద సమాధానం లేకపోయిన ప్రశ్న ఈనాడు మనందరిదీ: నీళ్ళు పోసేదెవరు?

కనుక రేపు వాటిని నాటవద్దని సవినయంగా కోరుతున్నాను. పెద్ద సంచులలోకి మార్చి, చెట్టునీడలో ఉంచి, తరగతికి కొన్ని చొప్పున పంచండి. అక్టోబరు వరకు వాటిని బ్రతికించిన తరగతే వాటిని నాటుతుంది. ఎన్ని మిగిలితే అన్నే నాటుదాము. 75 అన్న అంకెకు లోటు వచ్చినా చింత లేదు. రేపు ఉదయం మనం చేయదగిన పని వేరే ఉన్నది. ఆ స్థలంలో పిల్లల అడుగుల జాడలు ఇప్పటికే ఉన్నాయి. ముందు ఆ జాడల వెంబడి సున్నంతో బాట గీద్దాము. మొక్కల స్థానాలు ఆ తరువాత నిర్ణయించుకొందాము. పలుగు పట్టి మొదటి గుంత గుర్తు నేను పెడతాను.

సెలవులలో నీళ్ళ వంతుకు పూర్వ విద్యార్థుల పట్టిక ఒకటి తయారు చేయవలసినదిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను. రాబోయే మూడు వేసవులలోనూ మే నెల మొదటి వారం నా పేర వ్రాసుకొనండి. ఇది వేదికమీద చేసిన వాగ్దానం గనుక తప్పితే పదిమందిలో నన్ను నిలదీసే హక్కు ఈ చిరంజీవులందరికీ ఉన్నది.