మార్కును శంకించినపుడు

గ్రామపెద్దలారా, రచ్చకట్టమీద మీరు తీర్చెడి తగవువంటి దొకటి నేడు విన్నవించెదను: ఆటగాని చదువుమార్కును శంకించినపుడు నష్టమెవ్వరికి?

అమెరికాలో కళాశాలజట్టున చేరుటకు ఆటనేర్పొక్కటే చాలదు. 2023లో ఆ నియమమును తొలగించువరకు ప్రవేశపరీక్షలో తగిన మార్కులును రావలసియుండెను. 2007-08లో మెంఫిస్ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టు 38 పందెములు గెలిచెను. పిదప ఒక ఆటగాని పరీక్షాఫలితము చెల్లదని పరీక్షాసంస్థ రద్దుచేసెను. 2009లో కళాశాలల క్రీడాసంఘము ఆ 38 గెలుపులను లెక్కనుండి కొట్టివేయ నిర్ణయించెను. తోడియాటగాండ్ర చెమటయు దానితోడనే పోయెను.

ఇట్టి కష్టము మనకును తప్పలేదు. 2016 జూలై 9న జరిగిన వైద్యప్రవేశపు ఎంసెట్-2 ప్రశ్నపత్రము ముందుగనే బయటపడినదని పరిశోధనలో తేలెను. ప్రభుత్వము పరీక్షను రద్దుచేయగా, సెప్టెంబరు 11న నల్లగొండ, పాలమూరు మెట్టపల్లెల బిడ్డలును అందరితోపాటు మరల వ్రాయవలసివచ్చెను. దొంగతనము కొందరిది, దండుగ అందరిది.

చెడుగుడు బరిలో తాకకయే తాకితిననువానిని పిల్లలైనను ఒప్పుకొనరు. మార్కును అట్లే చూడుడు. చేను అమ్మి దళారిచేతిలో పోసిన తండ్రి తనబిడ్డను మాత్రమే కాదు, పొరుగుబిడ్డనుగూడ ముంచుచున్నాడు.

అయితే, శంక పుట్టినంతనే బిడ్డను దొంగయనుటయు న్యాయముకాదు. రచ్చకట్టమీద మీరు చేయునట్లే వాని మాట వినవలెను, సాక్ష్యము చూడవలెను, మరల వ్రాసి చూపుటకు తావీయవలెను. నిజముగ నేర్చినవాడు రెండవమారును వ్రాయగలడు. నేరము తేలినచో దండన వానికే చెందవలెను గాని తోడివారికి కాదు. ఈ ధర్మమును మీ పల్లెలలో నిలుపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.