పరీక్ష రాయని అమ్మాయిల లెక్క



దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాసం అనగానే రాజ్యాంగ సభ గురించో, ప్రణాళికా సంఘం గురించో చెబుతాననుకుని ఉంటారు. అవి మీరు పాఠాల్లో చదివినవే. నేను పరీక్షల గురించి మాట్లాడతాను.

దుర్గాబాయమ్మ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఇంగ్లీషు చదువు వద్దని పన్నెండేళ్లకే బడి మానేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లినప్పుడు, తమ మీద మోపిన నేరమేమిటో, కోర్టులో ఏం చెప్పుకోవాలో కూడా తెలియని ఆడఖైదీలను చూశారు. లా చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. లా కావాలంటే డిగ్రీ ఉండాలి, డిగ్రీకి మెట్రిక్ ఉండాలి. ఇరవై దాటిన వయసులో ఏ బడి చేర్చుకుంటుంది? బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్‌ను అప్పట్లో ప్రైవేటుగా రాసే వీలుండేది. ఆవిడ అదే రాసి గట్టెక్కారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, 1942లో మద్రాసులో లా పట్టా.

తాను దాటిన గడప మీదికి మిగతావాళ్లను కూడా చేయి పట్టి తీసుకురావడం ఆవిడ స్వభావం. 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిపోయిన తెలుగు స్త్రీలను అదే బనారస్ మెట్రిక్‌కు తయారు చేసింది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలయ్యాక, ఈ పద్ధతినే 1958లో దేశమంతటికీ పథకంగా తెచ్చారు. పెద్ద వయసు స్త్రీలకు రెండేళ్లలో ముగిసే సంక్షిప్త కోర్సులవి. పల్లెలకు ఉపాధ్యాయినులు, నర్సులు, గ్రామసేవికలు కావాలి. కనీస చదువున్న ఆడవాళ్లేమో దొరకరు. ఆ కొరతలోంచి వచ్చిన ఆలోచన అది. అదే ఏడాది స్త్రీ విద్య మీద వేసిన జాతీయ సంఘానికీ ఆవిడే అధ్యక్షత వహించారు. 1959లో ఇచ్చిన నివేదికలో, బాలబాలికల చదువు మధ్య ఉన్న అంతరాన్ని ప్రత్యేక సమస్యగా చూడమన్నారు.

ఈ కాలానికి వద్దాం. 2024 పదో తరగతి ఫలితాల్లో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మాయిలు 89.17 శాతం, అబ్బాయిలు 84.32 శాతం పాసయ్యారు. తెలంగాణలో అమ్మాయిలు 93.23, అబ్బాయిలు 89.42. పరీక్ష హాల్లో కూర్చున్నవాళ్ల వరకు అంతరం తిరగబడింది. సంతోషించాల్సిందే. రాత్రి చదువులు పెట్టి, వెనకబడిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించిన టీచర్ల కష్టం అందులో ఉంది.

కానీ ఆ శాతం హాజరైనవాళ్ల మీద కట్టింది. తొమ్మిదో తరగతి సెలవుల్లో పెళ్లయిపోయిన పిల్ల అందులో లేదు. పత్తి చేలకు, మిరప కోతలకు వెళ్లి మళ్లీ బడికి రాని పిల్ల లేదు. ‘ఈ అమ్మాయి రాస్తే మన శాతం పడిపోతుంది’ అనుకుని ఎవరైనా టీసీ చేతిలో పెట్టి పంపితే, ఆ పిల్ల తప్పినవాళ్ల లెక్కలోకి కూడా రాదు. అలా పిల్లలను తగ్గించుకుని తెచ్చుకున్న నూరు శాతం కంటే, అందరినీ కూర్చోబెట్టి తెచ్చిన ఎనభై శాతం గొప్పది.

దుర్గాబాయమ్మే ఆ లెక్కకు అందని మనిషి. ఆవిడ బడి మానేసిన ఏడాది కూడా, ఆ బడి ఫలితాల్లో ఆవిడ పేరు తప్పినవాళ్ల జాబితాలో పడి ఉండదు.

అందుకే ఈ సభలో ఒకటి అడుగుతాను. ఫలితాల రోజున నోటీసు బోర్డు మీద పాసైనవాళ్ల సంఖ్య పక్కన ఇంకో రెండు అంకెలు వేయండి: ఈ బ్యాచ్‌లో ఆరో తరగతిలో చేరినవాళ్లెందరు, పరీక్ష రాసినవాళ్లెందరు. ఆ రెంటికీ తేడా ఉంటే హాజరు పట్టీ తీసి పేర్లు వెతకండి. ఇంటికి వెళ్లండి. ఓపెన్ స్కూల్ ఫారం చేతిలో పట్టుకుని మరీ వెళ్లండి.