పేరు లేని కప్పు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి డి.ఎ. బకాయిల జోలికి పోకుండా, అమెరికాలో చూసినదేదైనా చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. నయాగరా గురించి మీరు వినే ఉంటారు. అందుచేత పాత కార్ల పందేల కప్పుల గురించి చెబుతాను.

2017లో దక్షిణ కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాము. పక్కింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. భార్య పోయి ఒంటరిగా ఉండేవారు. ఆయన కారు షెడ్డులో కారు లేదు. గోడ పొడుగునా అరలు, అరల నిండా కప్పులు!

అక్కడి కుర్రాళ్ళు పాత ఫోర్డు బళ్ళు చవగ్గా కొని, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు ఊడదీసి, ఇంజను బలం పెంచేవారు. అవే హాట్ రాడ్లు. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిన సరస్సుల్లో వేగం కొలిపించుకునేవారు. అందుకోసం 1937లోనే ఒక టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. యుద్ధం తర్వాత వీధుల్లో పందేలు పెరిగి ప్రమాదాలు ఎక్కువయ్యాయి. 1950లో శాంటా ఆనా విమానాశ్రయంలో డ్రాగ్ పందేలు మొదలుపెట్టారు. రెండు బళ్ళు పక్కపక్కన నిలబడి, నిలుచున్న చోటునుంచి పావు మైలు, అంటే 1,320 అడుగులు, దూసుకుపోవాలి. 1951లో వాలీ పార్క్స్ గారు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించారు. 1955లో కాన్సాస్‌లోని గ్రేట్ బెండ్‌లో మొదటి జాతీయ పోటీలు జరిగితే, వాన వల్ల ఆగి, చివరి పందేలు అరిజోనాలో ముగిశాయి.

1969 నుంచి ఆ సంస్థ విజేతలకు ‘వాలీ’ అనే ప్రతిమ ఇస్తున్నది. అంతకు ముందు ఏ ఊరి నిర్వాహకులకు దొరికిన కప్పు వారు ఇచ్చేవారు. సేకరించేవారికి వాటి మీదే మోజు. వాటితోపాటు వేగమూ తేదీ చెక్కిన చిన్న లోహపు బిళ్ళలు, బండి వెనక బిగించే క్లబ్బుల అల్యూమినియం పలకలు, పందెం కార్యక్రమ పుస్తకాలు కూడా కూడబెడతారు. కొత్తగా పోతపోసిన పలకల్ని పాతవని అమ్మేవాళ్ళూ ఉన్నారు. అందుకని వెనక్కి తిప్పి, మరల కన్నాల దగ్గర అరుగుదల చూస్తారు. మెరుగు పెట్టనివ్వరు. పాత మురికీ సాక్ష్యమే!

“కప్పు ఏముంది, కింద ఉన్న రేకే ముఖ్యం” అనేవారాయన. ఎవరు, ఎక్కడ, ఏ తేదీ అన్నది ఆ రేకు మీదే కదా ఉండేది.

ఒక కప్పుకు రేకు లేదు. అది ఎవరిదని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “నాదే. కుర్రతనంలో గెలిచాను. ఏ ఊళ్ళోనో గుర్తు రావడంలేదు” అన్నారు.

ముప్పై ఆరేళ్ళ గుమాస్తాగిరీ ఊరుకోనిస్తుందా? మర్నాడే నోటుబుక్కుకు గీతలు కొట్టాను. వరుస సంఖ్య, వస్తువు, పందెం, తేదీ, ఎవరి దగ్గర కొన్నది, రిమార్కులు. “ఇక్కడికొచ్చి కూడా రిజిస్టరేనా?” అంది మా ఆవిడ. రెండు నెలలు ఆయన చెప్పారు, నేను రాశాను. ఆ కప్పుకు ఎదురుగా, “విజేత స్వయంగా చెప్పినది. ఊరు తెలియదు” అని రాసి సంతకం పెట్టించాను.

2019లో ఆయన కాలం చేశారు. సామానంతా ఒకేసారి అమ్మేద్దామనుకున్న ఆయన కుమార్తె, రిజిస్టరు చదివాక మనసు మార్చుకున్నదట. కొన్ని మనవలకు పంచి, మిగిలినవి విలువ తెలిసినవారికే ఇచ్చింది. రేకు లేని కప్పు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మా నాన్నగారి ఎడ్లు బండలాగుడు పోటీలో గెలిచిన షీల్డు మా ఇంట్లో ఉండేది. 1988లో ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని పాతసామాను వాడికి తూకానికి వేశాను. దానిమీద రెండెడ్ల పేర్లూ ఉండేవి. ఒకదాని పేరు రాముడు. రెండోదాని పేరు నాకిప్పుడు గుర్తు రావడంలేదు. అడుగుదామంటే చెప్పేవారు లేరు.

కాబట్టి సోదరులారా, మీ ఇంట్లో ఉన్న పాత కప్పుకో, ఫోటోకో, గడియారానికో ఈ రాత్రే ఒక చీటీ రాసి అంటించండి. ఎవరిది, ఎప్పటిది, ఎలా వచ్చింది. మూడు ముక్కలు చాలు. జీవితమంతా సర్కారు సామానుకు రిజిస్టర్లు రాశాము, మన ఇంటికి ఒక్క పేజీ రాయలేమా?