విద్యుచ్ఛక్తి – ఊరుమ్మడి సొత్తు



హిందూపురమున మిల్లు తిరుగవలెనన్నను, ధర్మవరమున మరమగ్గము ఆడవలెనన్నను, పెనుకొండ చుట్టుపట్ల బోరునీరు చేలను తడుపవలెనన్నను నేడు విద్యుత్తే ఆధారము. మీట నొక్కగనే దీపము వెలుగును. ఆ శక్తి ఎచట పుట్టి, ఏ త్రోవను మన యింటికి వచ్చుచున్నదో ఎఱిగినవారు కొలదిమంది. ఎఱుగకపోవుటచే కలుగు నష్టము మాత్రము అందఱిది.

అయస్కాంతమును తీగెచుట్ట యొద్ద కదల్చినచో ఆ తీగెలో విద్యుత్ప్రవాహము పుట్టునని 1831 లో ఇంగ్లండు దేశమున మైకేల్ ఫారడే కనుగొనెను. నేటి విద్యుత్కేంద్రములలో పెక్కింటికి ఇదియే మూలసూత్రము. తుంగభద్ర ఆనకట్ట యొద్ద చక్రమును నీరు త్రిప్పును. బొగ్గు కేంద్రములలో ఆవిరి త్రిప్పును. పెనుకొండ, ధర్మవరములకు సమీపమున రామగిరి కొండలపై గాలి త్రిప్పును. 2016 లో నంబులపూలకుంట యొద్ద ఆరంభమైన సౌరకేంద్రమున చక్రమే లేదు. పలకలపై పడిన యెండయే విద్యుత్తుగా మారును.

పుట్టిన శక్తిని దూరము పంపుట రెండవ ఘట్టము. మన పొరుగున 1902 లోనే కావేరీతీరపు శివసముద్రము నుండి కోలారు బంగారు గనులకు సుమారు 147 కిలోమీటర్ల దూరము విద్యుత్తును పంపిరి. ప్రవాహము హెచ్చినకొలది తీగె వేడెక్కి శక్తి వృథా యగును. వోల్టేజిని రెట్టింపు చేసినచో అంతే శక్తిని పంపుటకు సగము ప్రవాహము చాలును. నష్టము నాల్గవవంతునకు తగ్గును. కావుననే ఉక్కు గోపురములపై 1,32,000 మొదలు 4,00,000 వోల్టుల వఱకు హెచ్చించి పంపి, సబ్‌స్టేషనులలో అంచెలంచెలుగా 33,000 వోల్టులకును, 11,000 వోల్టులకును దించెదరు. ఊరిలోని ట్రాన్స్‌ఫార్మరు దానిని మోటార్లకు సుమారు 415, ఇండ్లకు 230 వోల్టులుగా అందించును.

చెఱువునీరు పెద్దకాలువ, పిల్లకాలువ, మడవల గుండ చేనికి చేరుటయు ఇట్టిదే. కాని ఒక భేదము కలదు. చెఱువునీరు రేపటికి నిలుచును. తీగెలో విద్యుత్తు నిలువదు. ఏ క్షణమున ఎంత వాడుదురో ఆ క్షణమున అంతయు అందవలెను. జమాఖర్చులు ఏడాది చివర గాక ప్రతిక్షణమును సరిపోవలసిన లెక్క యిది.

100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు 5 గుఱ్ఱపుశక్తి గల మోటార్లను సుమారు ఇరువదింటిని మోయగలదు. చెప్పక మఱి ఆఱు తగిలించినచో వోల్టేజి పడిపోవును. మోటార్ల చుట్టలు కాలును. తుదకు ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవును. అప్పుడెండునవి ఆ ఆఱుగురి చేలు మాత్రమే కావు, ఇరువదియాఱుగురి చేలును. 2004 నుండి సేద్యమునకు విద్యుత్తు ఉచితము. ఉచితమనగా వెల లేదని కాదు. ఆ వెలను ప్రజాధనము చెల్లించుచున్నదని యర్థము.

కావున మోటారును నమోదు చేయింపుడు. తగిన కెపాసిటరు నమర్పుడు. అది తీగెపై వ్యర్థప్రవాహపు భారమును తగ్గించును. ఫ్యూజు పోయినచో స్వయముగా ట్రాన్స్‌ఫార్మరు గద్దె నెక్కకుడు, తెగిపడిన తీగెను తాకకుడు, లైన్‌మనుకు కబురంపుడు. ఒక తడి తప్పిన పైరు మరల పచ్చబడవచ్చును. పోయిన ప్రాణము రాదు.

చెఱువుక్రింద వంతులవారిగా నీరు పంచుటకు నీరుగంటి యుండెడివాడు. ఊరి విద్యుత్తీగెకు నీరుగంటి లేడు. దానిని వాడు ప్రతివాడును తనకు తానే నీరుగంటి కావలెను.

స్వస్తి.