పాలస్తీనా సహకార సంఘాలకు మనం ఏం చేయగలం?

(లండన్‌లో జరిగిన ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాలస్తీనా కోసం మనలో చాలామంది ఊరేగింపులకు వస్తారు, చందాలిస్తారు. రెండూ అవసరమే. ఈరోజు నేను మూడో పని గురించి మాట్లాడతాను. అక్కడి రైతుల సహకార సంఘాలకు మన వృత్తి నైపుణ్యాన్ని అందించడం.

2004లో జెనిన్ ప్రాంతంలో పాలస్తీనియన్ ఫెయిర్ ట్రేడ్ అసోసియేషన్ ఏర్పడింది. ఊరూరా ఆలివ్ రైతులు సహకార బృందాలుగా అందులో చేరారు. అదే ఏడాది ఇక్కడ బ్రిటన్‌లో మొదలైన జైతూన్ సంస్థ పాలస్తీనా నూనెను తెచ్చి అమ్మసాగింది. 2009లో ఆ నూనెకు ఫెయిర్‌ట్రేడ్ ముద్ర వచ్చింది. ప్రపంచంలో ఆ ముద్ర పొందిన మొదటి ఆలివ్ నూనె అదే.

సానుభూతితో ఎవరైనా ఒక సీసా కొంటారు. రెండో సీసా నాణ్యత ఉంటేనే కొంటారు. ఎక్స్‌ట్రా వర్జిన్ అనిపించుకోవాలంటే నూనెలో ఆమ్లత 0.8 శాతం మించకూడదు. కాయల్ని ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి రోజుల తరబడి ఉంచితే వేడెక్కి ఆమ్లత పెరుగుతుంది. గాలి ఆడే పెట్టెల్లో వేసి వెంటనే మిల్లుకు చేర్చాలి. ఇదంతా శిక్షణతో సాధ్యమే.

కానీ మిల్లుకు వెళ్లే దారిలో చెక్‌పోస్టు మూసి ఉంటే ఏ శిక్షణా దాన్ని తెరవలేదు. వెస్ట్ బ్యాంక్‌లో దాదాపు 60 శాతం భూమి, అంటే ‘ఏరియా సి’, ఇజ్రాయెల్ పూర్తి అదుపులో ఉంది. అక్కడ బావి తవ్వాలన్నా, షెడ్డు వేయాలన్నా వాళ్ల పర్మిట్ కావాలి. కాబట్టి సాంకేతిక సాయం చేశాం కదా అని రాజకీయంగా నోరు మూసుకుంటే కుదరదు.

ఇక మన పని. ఏ రైతు ఎన్ని కిలోలు తెచ్చాడు, ఎంత నూనె దిగింది, ఏ ట్యాంకులో కలిసింది, అతనికి ఎంత ముట్టింది? కొనేవాళ్లు అడిగేది ఈ లెక్కలే. ఇవి అరబిక్‌లో ఉండాలి. నెట్ లేకపోయినా పనిచేయాలి. సంఘం గుమాస్తా మనల్ని అడగకుండానే సరిచేసుకోగలగాలి. మన సర్వర్‌లో, మన పాస్‌వర్డ్ కింద ఉండకూడదు.

ఈ పాఠం మనకు కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ వాటా, ప్రభుత్వ పెత్తనం పెరిగి ఎన్నో సహకార సంఘాలు సభ్యులవి కాకుండా పోయాయి. అందుకే 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. సర్కారు వాటాధనం లేకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకునే వీలు కల్పించింది. పెత్తనం రిజిస్ట్రారుదైనా, సాయానికొచ్చిన ఇంజనీరుదైనా ఫలితం ఒకటే.

నా ప్రతిపాదనలు మూడు. ముందు ఏం కావాలో సంఘాలనే అడుగుదాం. అక్టోబరు, నవంబరు కోత రోజుల్లో వాళ్లకు తీరిక ఉండదు కనుక శిక్షణ వేసవిలో పెట్టుకుందాం. కనీసం రెండు పంటల కాలం నిలబడగలిగినవారే పేరు ఇవ్వండి. మధ్యలో వదిలేసిన సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇంకో బరువు మాత్రమే.

పేర్లు రాసుకునే కాగితం ఆ మూల బల్ల మీద ఉంది. సెలవు.